మణికట్టు మెలిపెట్టింది పోలీసు, దావా ఎదుర్కొన్నది పట్టణం

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో వెస్ట్ హార్ట్‌ఫర్డ్ ఓ పట్టణం. అక్కడి ఒక మహిళా క్లినిక్‌ను గర్భస్రావ వ్యతిరేకులు 1989 ఏప్రిల్ 1న ఒకసారి, జూన్ 17న మరోసారి దిగ్బంధించారు. వాళ్లను అక్కడి నుంచి తొలగించడంలో పోలీసులు కిరాతకంగా ప్రవర్తించారంటూ పడిన దావా 2002లోనూ, మళ్లీ 2004లోనూ న్యూయార్క్, కనెక్టికట్‌ల మీద అధికారమున్న రెండో సర్క్యూట్ ఫెడరల్ అప్పీలు కోర్టు ముందుకు వచ్చింది. 2004 నాటి తీర్పు రాసింది సోనియా సోటోమయోర్. అయిదేళ్ల తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లిన న్యాయమూర్తి ఆమే. వాదుల సంస్థ పేరు ఆమ్నెస్టీ అమెరికా. మనకు తెలిసిన ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ వేరు, ఇది వేరు.

పదిహేనేళ్లయినా విషయం విచారణ దాకా రాలేదు. దెబ్బలు తగిలాయా లేదా అన్నదొక్కటే అయితే ఇంత సాగేది కాదు. తగిలిన దెబ్బకు పట్టణం జవాబు చెప్పాలా అన్నదే అసలు పేచీ.

దీనికి ముందు ఆపరేషన్ రెస్క్యూ సంగతి తెలియాలి. న్యూయార్క్ రాష్ట్రం బింగ్‌హామ్‌టన్‌కు చెందిన రాండల్ టెర్రీ నడిపిన గర్భస్రావ వ్యతిరేక ఉద్యమం అది. 1987 నవంబరులో న్యూజెర్సీలోని చెర్రీ హిల్‌లో తొలి పెద్ద దిగ్బంధం జరిగింది. 1988 వేసవిలో డెమొక్రటిక్ పార్టీ జాతీయ సమావేశాల వేళ అట్లాంటాను ఎంచుకున్నారు. పద్ధతి అన్నిచోట్లా ఒక్కటే: తెల్లవారకముందే గుమ్మానికి అడ్డంగా కిక్కిరిసి కూర్చోవడం, పోలీసు చెయ్యి వేయగానే ఒళ్లు పూర్తిగా వదిలేయడం. అట్లాంటాలో చాలామంది అసలు పేరు కూడా చెప్పలేదు. అందరూ ‘బేబీ డో’లే, అంటే పేరు తెలియని శిశువులే. దాంతో జైలులో రికార్డులు రాసుకోవడమే గగనమైంది.

ఒళ్లు వదిలేసిన మనిషిని మోయడానికి ఇద్దరు చాలరు, నలుగురు కావాలి. వందల మందిని అలా మోస్తే పోలీసుల నడుములు పోతాయి, గంటలు గడుస్తాయి, ఓవర్‌టైమ్ ఖర్చు పెరుగుతుంది. అందుకని నొప్పి పెట్టి లేపే పట్లు వాడటం మొదలైంది. మణికట్టును లోపలికి వంచడం, దవడ కింద, చెవి వెనక నరాల మీద వేలితో నొక్కడం లాంటివి. లేచి నడిస్తే పట్టు సడలుతుంది, లేవకపోతే బిగుస్తుంది. ఇందులో చిక్కు ఎక్కడంటే, లేవమన్నా లేవకూడదని ముందే నిర్ణయించుకుని వచ్చిన మనిషి మీద నొప్పి పెరుగుతూనే పోతుంది. ఎక్కడ ఆపాలో పట్టుకున్నవాడి విచక్షణకే వదిలేసినట్టు.

శాన్ డియెగో పోలీసులైతే తాడుతో కలిపిన రెండు కర్రల నన్‌చాకు వాడారు. మణికట్టును రెండు కర్రల మధ్య ఇరికించి బిగించేవారు. నిరసనకారులు వస్తున్నారని తెలిసి ముందే కమిటీ వేసి, విధానం రాసుకున్నారు. ప్రతి అరెస్టుకు ముందు హెచ్చరించేవారు: ఇది నొప్పి పెడుతుంది, లేచి నిలబడితే తగ్గుతుంది అని. అయినా చేతులు కమిలాయి, ఒకరికి నరం నొక్కుకుపోయింది, ఇంకొకరి మణికట్టు విరిగింది. దావా జ్యూరీ దాకా వెళ్లింది. వీడియోలు చూసిన జ్యూరీ పోలీసుల వైపే మొగ్గింది. 1994లో అక్కడి అప్పీలు కోర్టు, తొమ్మిదో సర్క్యూట్, దాన్ని సమర్థించింది. ఇంతకంటే తక్కువ నొప్పి కలిగించే దారి ఉందా అన్నది ప్రశ్న కాదనీ, వాడిన బలం సమంజసమా కాదా అన్నదే ప్రశ్న అనీ చెప్పింది.

ఇవన్నీ ఎఫ్ఐఆర్‌తో మొదలయ్యే క్రిమినల్ కేసులు కావు, నష్టపరిహారం కోరే సివిల్ దావాలు. వీటికి ఆధారం ఫెడరల్ చట్టంలోని 1983వ సెక్షన్. అది సంవత్సరం కాదు, సెక్షన్ సంఖ్య. నల్లజాతివాళ్ల మీద దాడులు చేసిన కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లవాళ్ల ముఠా ఆగడాలను అణచడానికి 1871లో చేసిన చట్టం నుంచి వచ్చింది. సర్కారు అధికారంతో ఎవరైనా మీ రాజ్యాంగ హక్కును కాలరాస్తే ఫెడరల్ కోర్టుకు వెళ్లవచ్చు. దాదాపు తొంభై ఏళ్లు మూలన పడివున్న ఈ చట్టం 1961లో సుప్రీంకోర్టు తేల్చిన మన్రో కేసుతో ప్రాణం పోసుకుంది. అయితే ఆ తీర్పు నగరాలను దాని పరిధి నుంచి తప్పించింది. 1978లో మోనెల్ కేసు వాటినీ తెచ్చి ఒక షరతు పెట్టింది: ఉద్యోగి తప్పు చేశాడన్నంత మాత్రాన నగరం బాధ్యత వహించదు, ఆ తప్పు నగరం సొంత విధానం నుంచో, పాతుకుపోయిన అలవాటు నుంచో రావాలి. 1989 ఫిబ్రవరిలో కాంటన్ కేసు ఇంకో తలుపు తెరిచింది. శిక్షణ ఇవ్వకపోవడం ప్రజల హక్కుల పట్ల తెలిసి చేసిన ఉదాసీనత అయితే, అదీ విధానమే.

ఇక పోలీసు బలప్రయోగాన్ని కొలిచే గజం సుప్రీంకోర్టు ఇచ్చిన గ్రాహమ్ తీర్పు. నేరం ఎంత తీవ్రం, ఎదుటివాడి వల్ల తక్షణ ప్రమాదం ఉందా, గట్టిగా ఎదురుతిరుగుతున్నాడా, పారిపోతున్నాడా అన్నవి చూడాలి. ఈ తీర్పు వెలువడింది 1989 మే 15న, సరిగ్గా వెస్ట్ హార్ట్‌ఫర్డ్‌లోని రెండు దిగ్బంధాల మధ్య.

వెస్ట్ హార్ట్‌ఫర్డ్ నిరసనకారుల ఆరోపణలు శాన్ డియెగో కంటే మొరటువి: తల గోడకేసి కొట్టారని, కాళ్లు పట్టి బోర్లా ఈడ్చారని, మెడ మీద మోకాలు పెట్టారని. పోలీసులు తమ బ్యాడ్జీలు, నేమ్ ట్యాగులు కనిపించనివ్వలేదన్న ఆరోపణ కూడా ఉంది. ఎవరు కొట్టారో తెలియకపోతే ఎవరి పేరున దావా వేస్తారు? అలాంటప్పుడు మిగిలేది పట్టణమే. అక్కడ మోనెల్ గోడ అడ్డం. పట్టణం కూడా ఊరుకోలేదు. పోలీసు ఖర్చులు చూపి, ఆపరేషన్ రెస్క్యూ మీద ముఠాల నిరోధక చట్టం కింద తన వైపు నుంచి విడిగా దావా నడిపింది. రెండో సర్క్యూట్ 1990లో ఆ వాదనను నిలబెట్టలేదు.

ఆ ఏడాదే వాషింగ్టన్ కూడా జోక్యం చేసుకుంది. అహింసాయుత పౌరహక్కుల ప్రదర్శనల మీద అతిగా బలం వాడరాదన్న విధానం లేని స్థానిక సంస్థలకు కమ్యూనిటీ అభివృద్ధి గ్రాంట్లు ఇవ్వకూడదని 1990 గృహనిర్మాణ చట్టం చెబుతోంది. అదే నిబంధన రెండో భాగంలో, అలాంటి ప్రదర్శన జరిగే భవనం దారిని అడ్డుకునేవాళ్ల మీద చట్టం అమలు చేయాలనీ ఉంది. ఇద్దరికీ చెరో వాక్యం!

2002లో అప్పీలు కోర్టు ఫైలును వెనక్కి పంపింది. పట్టణానికి అనుకూలంగా ఎందుకు తేల్చారో కింది కోర్టు తగినంతగా వివరించలేదన్నది కారణం. 2004లో లోతుకు వెళ్లింది. ఒళ్లు వదిలేసి మొరాయించినంత మాత్రాన ప్రతి పట్టూ చట్టబద్ధమైపోదు, అది జ్యూరీ తేల్చాలి అంది. శిక్షణ వాదన మాత్రం ఓడిపోయింది. పోలీసులకు ఏం నేర్పారో, ఎలా నేర్పారో, ఇంకెలా నేర్పితే ఇది జరిగేది కాదో చూపే కాగితం ఒక్కటీ వాదులు పెట్టలేదు. సాక్ష్యం కోసం ఫైలంతా వెతకడం జడ్జి పని కాదని అప్పీలు కోర్టు 2002లోనే గుర్తుచేసింది. ఇలాంటి దావాలు ఎక్కువగా చతికిలబడేది ఇక్కడే. గాయాల ఫొటోలు కట్టలుగా ఉంటాయి, శిక్షణ మాన్యువల్ ఒక్కటీ ఉండదు.

నిలిచింది మరో వాదన. పోలీసు చీఫ్ అక్కడే ఉన్నాడని, కేకలు వినిపించే, బలప్రయోగం కనిపించే చోట నిలబడీ ఆపలేదని వాదులు సాక్ష్యం చూపారు. కళ్లెదుట జరుగుతుంటే మిన్నకుండటం ఒక నిర్ణయమేనని జ్యూరీ భావించవచ్చు అంది కోర్టు. అయితే ఆ చీఫ్‌కు పట్టణం తరఫున తుది నిర్ణయం తీసుకునే అధికారం ఉందా? అది రాష్ట్ర చట్టం చూసి కింది కోర్టు తేల్చాలని కేసును తిప్పి పంపింది. పై అధికారి మౌనాన్ని పట్టణం మెడకు ఎలా చుట్టవచ్చో చూపడానికి న్యూయార్క్, కనెక్టికట్ న్యాయవాదులు ఈ తీర్పును ఇప్పటికీ ఉటంకిస్తుంటారు, తమ కక్షిదారులకు గర్భస్రావంతో ఏ సంబంధమూ లేకపోయినా.