ఇల్లు బాబాయిదా, బ్యాంకుదా?

పిల్లలూ,

గృహప్రవేశం నాడు పాలు పొంగుతున్న వేళ మీలో చిన్నది ఒక ప్రశ్న అడిగింది. "ఇల్లు కొన్నామంటారు, మళ్లీ కాగితాలు బ్యాంకులో ఉన్నాయంటారు. మరి ఇది మన ఇల్లా, బ్యాంకు ఇల్లా?" అని. పంతులుగారి తొందరలో, భోజనాల హడావిడిలో ఎవరూ జవాబు చెప్పలేదు. అంత మంచి ప్రశ్న అలా వదిలేయడం నాకు నచ్చలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఇల్లు బాబాయిదీ పిన్నిదీ. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫొటోలు దిగి, వేలిముద్రలు వేసి రాయించుకున్న దస్తావేజులో ఉన్నవి వాళ్లిద్దరి పేర్లే. అప్పు తీరేదాకా ఆ అసలు దస్తావేజు బ్యాంకు దగ్గర తాకట్టులో ఉంటుంది, అంతే. తీరిన 30 రోజుల్లోగా తిరిగి ఇచ్చెయ్యాలి. బ్యాంకు వల్లే ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున ఇంటివాళ్లకు కట్టాలని రిజర్వు బ్యాంకు 2023లో గట్టిగా చెప్పింది.

ఇక డబ్బు సంగతి. బాచుపల్లిలో ఆ ఫ్లాటు 50 లక్షలు. ఇంత అప్పుకి ఇంటి విలువలో 80 శాతం మించి బ్యాంకులు ఇవ్వకూడదు. కాబట్టి 40 లక్షలు అప్పు, 10 లక్షలు చేతివి. పైన రిజిస్ట్రేషన్ ఖర్చులు ఏడున్నర శాతం దాకా ఉంటాయి, అవీ చేతి డబ్బే. పిన్ని చీటీ పాడింది, బాబాయి పీఎఫ్‌లోంచి కొంత తీశాడు. కొత్తగా కడుతున్న ఫ్లాటయితే 5 శాతం జీఎస్టీ కూడా పడేది. ఎవరో ఉండి అమ్మిన ఇల్లు గనక ఆ ఖర్చు తప్పింది. గోడలకు సున్నం పెచ్చులూడాయని మీ అమ్మ అన్నది గానీ, ఆ పెచ్చుల వెనక వాళ్ల వివేకం ఉంది. ఉన్నదంతా ఊడ్చి పెట్టకుండా ఆరు నెలల ఇంటిఖర్చు పక్కన ఉంచుకున్నారు. చిన్న సంపాదన ఉన్నవాళ్లు ఇల్లు కొనేటప్పుడు ఇది అన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పని అని నా గట్టి నమ్మకం.

అసలు వింత ఇప్పుడు చెబుతాను. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి, 20 ఏళ్లకు, నెలకు కట్టాల్సింది 34,713 రూపాయలు. మొదటి నెల అందులో 28,333 వడ్డీకే పోతుంది. అసలులో తగ్గేది 6,380. ఏడాదంతా నాలుగు లక్షల పైచిలుకు కట్టినా అప్పు తగ్గేది ఎనభై వేలకు లోపే. ఇది మోసమేమీ కాదు. ఎందుకు కాదో మా పసుపు చేలో చెబుతాను.

దుగ్గిరాల దగ్గర మాకు ఎకరం పసుపు ఉండేది. అందులో తుంగ. పైకి గడ్డిలా ఉంటుంది, పీకితే సులువుగా తెగి చేతికొస్తుంది. కింద నల్లటి గడ్డ మిగిలిపోతుంది. ఆ గడ్డ నుంచి దారంలాంటి వేరు పక్కకు పాకి, జానెడు దూరంలో ఇంకో గడ్డ, దాని పక్కన ఇంకోటి. చేలో ఎన్ని పాతగడ్డలుంటే వారం తిరిగేసరికి అన్ని కొత్త మొలకలు.

మా నాన్నకు కూలీలను పెంచే స్తోమత లేదు. ఎప్పుడూ ఇద్దరే, ఒకే కూలి. మొదట్లో వాళ్ల పొద్దంతా ఆ వారం మొలిచిన వాటికే సరిపోయేది. సాయంత్రం ఎండ తగ్గాక గునపం మొనతో పాతగడ్డలు నాలుగు తవ్వేవారు. గట్టు మీద కూర్చుని చూసేవాడికి చేను మారినట్టే ఉండదు. కానీ ఆ నాలుగు గడ్డలు పోయాయి గదా, వచ్చేవారం వాటి మొలకలుండవు. ఆ మిగిలిన పొద్దులో ఇంకో రెండు గడ్డలు తవ్వచ్చు. ఆ పై వారం ఇంకా ఎక్కువ. మనుషులు వాళ్లే, కూలి అదే, పని మాత్రం ముందుకు పరిగెత్తేది. వడ్డీ అంటే ఆ వారం మొలక. అసలంటే గడ్డ. పిన్ని నెలనెలా పంపే 34,713 ఆ ఇద్దరు కూలీలు.

ఆ గడ్డల్ని మీ ముత్తవ్వ పారెయ్యనిచ్చేది కాదు. తుంగముస్తలని పేరు. కడిగి, చాపమీద ఎండబెట్టి, దంచి సున్నిపిండిలో కలిపేది. పండగనాడు తలంటుకుంటే ఒంటికి తడిమట్టి వాసన, కాస్త కర్పూరం వాసన కలిసినట్టుండేది. చేను పాడుచేసే కలుపులోంచి అంత సువాసన రావడం నాకు ఈనాటికీ ఆశ్చర్యమే.

ఎక్కడున్నాను? ఆఁ, గడ్డలు. మా నాన్న వానాకాలం మొదట్లో ఒక్కరోజు ఇంటిల్లిపాదినీ చేలోకి దింపేవాడు, నన్నూ మా అక్కనూ కూడా. ముందు తవ్విన గడ్డ అన్ని వారాల మొలకల్నీ ఆపుతుందని ఆయనకు తెలుసు. మొదటి ఏడాది చివర బోనసో, దాచుకున్నదో ఒక లక్ష బాబాయి అదనంగా అసలులోకి కట్టి, నెలసరి వాయిదా తగ్గించకుండా అలాగే ఉంచితే, చివర్లో 13 వాయిదాలకు పైగా ఎగిరిపోతాయి. మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పుకి ఇలా ముందే కడితే జరిమానా వెయ్యకూడదని 2012 నుంచే బ్యాంకులకు ఆజ్ఞ ఉంది. అదే లక్ష పదిహేనో ఏట కడితే ఇంత పని చెయ్యదు. అందుకే మీ పుట్టినరోజులకు ఈ రెండు మూడేళ్లు బాబాయి పెద్ద బహుమతులు తేకపోతే మొహం ముడుచుకోకండి. మీకు లోటు చెయ్యడం లేదు, గడ్డలు తవ్వుతున్నాడు.

ఇప్పుడు మీకు రెండు పనులు. మీ అపార్టుమెంటు పక్క ఖాళీస్థలంలో తుంగ తప్పకుండా ఉంటుంది. ఒక మొక్కను పీకకుండా, చుట్టూ మట్టి మెల్లగా తవ్వి, దారం తెగకుండా ఎన్ని గడ్డలు వస్తాయో చూడండి. చెయ్యి కడుక్కునే ముందు ఒక గడ్డ నలిపి వాసన చూడండి.

రెండోది, పిన్నిని అడిగి అప్పు తీరే పట్టిక తీసుకోండి. 240 వరుసలుంటాయి. ఒక గడిలో వడ్డీ, పక్క గడిలో అసలు. పైనుంచి వేలు పెట్టి కిందికి రండి. వడ్డీ కంటే అసలు మొదటిసారి ఎక్కువయ్యే వరుస ఒకటుంటుంది. అది ఎన్నో ఏడు, ఏ నెలో ముందు ఇద్దరూ చెరొక ఊహ కాగితం మీద రాసి, ఆ తర్వాత వెతకండి. ఊహలూ జవాబూ మూడూ నాకు పంపండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య