కాపాడబోయి ప్రాణం పోవడం ఎందుకు?

కార్తీక మాసంలో సముద్ర స్నానానికి వెళ్లి ఒకరు కొట్టుకుపోతే, పట్టుకోబోయిన అన్నో స్నేహితుడో కూడా పోయాడన్న వార్త మనకు కొత్త కాదు. సెప్టిక్ ట్యాంకు ప్రమాదాల్లోనూ ఇదే వరస. అమెరికా కార్మిక భద్రతా పరిశోధన సంస్థ నియోష్ 1986లోనే ఒక లెక్క చెప్పింది: గాలి ఆడని ఇరుకు చోట్ల పోయిన ప్రాణాల్లో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లవే. సముద్రపు ఒడ్డున పాటించే నియమాలు మన సంపు మూత దగ్గర, బావి గట్టు మీద ఎందుకు పనికొస్తాయో ఇక్కడే తెలుస్తుంది.

ముందు సముద్రం సంగతి. అలలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీరు మళ్లీ లోపలికి పోవాలి. అడుగున ఇసుక మేటల మధ్య గండి దొరికితే అదంతా ఒక్కటై సముద్రంలోకి పరుగెడుతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. వేగం సాధారణంగా సెకనుకు అర మీటరు ఉంటుంది, ఉద్ధృతంగా ఉన్నప్పుడు 2 మీటర్లు దాటుతుంది. 100 మీటర్ల పోటీలో ఒలింపిక్ ఈతగాళ్ల వేగం దాదాపు అంతే. గండి దగ్గర లోతెక్కువ కాబట్టి అలలు విరగవు. అటూ ఇటూ తెల్లటి నురగ, మధ్యలో నల్లగా, నిమ్మళంగా నీరు. పిల్లలతో వచ్చినవాళ్లు ఏరి కోరి అక్కడే దిగుతారు. ఆ ప్రవాహం మనిషిని అడుగుకు లాగదు, లోపలికి మోసుకుపోతుంది. ప్రాణం తీసేది ఎదురీదిన అలసట. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. సత్తువ ఉంటే ఒడ్డుకు సమాంతరంగా, అలలు విరుగుతున్న వైపు ఈదాలి.

మునిగే మనిషి కేకలు వేస్తాడనుకుంటాం. చాలాసార్లు వేయలేడు. నోరు నీటిపైకి వచ్చేది ఊపిరి అందుకునేంత సేపే. చేతులు పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతుంటాయి, అవి అతని ఆధీనంలో ఉండవు. న్యూయార్క్ లైఫ్‌గార్డు ఫ్రాన్సెస్కో పియా గమనించిన ప్రకారం ఈ పెనుగులాట 20 నుంచి 60 సెకన్లే. ఆ స్థితిలో దగ్గరికి వెళ్తే, ఎంత ఆప్తుడైనా సరే, భుజాల మీదికి ఎక్కి తొక్కేస్తాడు.

అందుకే ఒడ్డున నేర్పే వరస ఇది: ముందు కేకేసి మనుషుల్ని పిలవాలి. తర్వాత కర్రో చున్నీయో అందించాలి. అందకపోతే తేలేది విసరాలి. పడవ ఉంటే పడవలో వెళ్లాలి. శిక్షణ ఉన్నవాళ్లు తప్ప నీళ్లలోకి దిగకూడదు. కర్ర అందించేటప్పుడు బోర్లా పడుకోవాలి, నిలబడితే అవతలి లాగుడుకు మనమే పడతాం. పెద్దవాళ్లలో చాలామందికి తల నీటిపైన నిలవడానికి కావలసిన అదనపు ఆసరా 3 నుంచి 5 కిలోలే. మూత బిగించిన 5 లీటర్ల ఖాళీ నూనె డబ్బా ఆ పని చేస్తుంది. లోపల గ్లాసెడు నీళ్లుంటే విసిరినప్పుడు గాలికి కొట్టుకుపోకుండా దూరం వెళ్తుంది. పిడికి తాడు కట్టి, మనిషికి అవతల పడేలా విసిరి, చేతికి తగిలేలా వెనక్కి లాగాలి.

ఇక సెప్టిక్ ట్యాంకు. ఇక్కడ నిమ్మళమైన నీటిలా మోసం చేసేది ముక్కు. మురుగులో పుట్టే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. గాలిలో పది లక్షల పాళ్లకు 100 పాళ్లు దాటితే ముక్కు మొద్దుబారి కంపే తెలియదు. గ్యాస్ పోయిందనుకుని దిగుతారు. 700 దాటితే ఒకటి రెండు ఊపిర్లకే కూలిపోవచ్చు. దీపం దింపి చూసే అలవాటు మీద భరోసా పెట్టుకోకూడదు. ఆక్సిజన్ బాగా తగ్గితే దీపం ఆరుతుంది, నిజమే. కానీ ఈ విషవాయువు సంగతి అది చెప్పదు, మీథేన్ ఉంటే పేలుతుంది కూడా. పైన గ్యాస్ మీటరుతో ఒకసారి కొలిచి ఊరుకున్నా చాలదు, అడుగు బురద కదిపినప్పుడే గ్యాస్ ఎగదన్నుతుంది. నీటి మట్టం పడిపోయిందని బావిలోకి డీజిల్ ఇంజను దింపితే, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది, దానికి వాసనే ఉండదు.

2015లో కోళికోడ్‌లో ఆంధ్ర నుంచి వెళ్లిన ఇద్దరు కార్మికులు మ్యాన్‌హోల్‌లో పడిపోయారు. వాళ్లకోసం దిగిన స్థానిక ఆటో డ్రైవరు కూడా చనిపోయాడు. అతని మంచితనంలో లోపం లేదు. పైనుంచి లాగే ఏర్పాటు ఉంటే ముగ్గురిలో ఎవరో ఒకరు మిగిలేవారేమో!

మురుగు గుంటల్లోకి రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపడం మనుషులతో మలమూత్రాలు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. ఆ పని యంత్రానిదే. సంపులాంటి చోట దిగక తప్పకపోతే ముందు బ్లోయరుతో గాలి కొట్టించాలి, పని అయ్యేదాకా ఆపకూడదు. దిగే మనిషికి ఒళ్లంతా పట్టే బెల్టు వేసి, దాని తాడును పైన ముక్కాలి గడకు ఉన్న చేత్తో తిప్పి తాడు చుట్టే వించ్‌కి కట్టాలి. నడుముకు కట్టిన తాడుతో లాగితే స్పృహలేని మనిషి రెండుగా ముడుచుకుని ఇరుకు మూతలో ఇరుక్కుంటాడు. పైనున్న మనిషికి వేరే పని చెప్పకూడదు, టీ తేవడానికైనా పంపకూడదు.

తాడు కట్టకుండా దిగిన మనిషి లోపల పడిపోతే వెంటనే 112కి ఫోన్ చేసి, గుంటలో గ్యాస్ ఉందనీ, ఆక్సిజన్ సిలిండర్ తగిలించుకుని దిగే ఫైర్ సిబ్బంది కావాలనీ స్పష్టంగా చెప్పాలి. వాళ్లు వచ్చేదాకా బ్లోయరు ఆన్‌లోనే ఉంచి, లోపలికి ఉరకబోయేవాళ్లను గట్టిగా పట్టి ఆపాలి.