న్యాయశాస్త్రం, ప్రాపర్టీ డెవలప్‌మెంట్ కలిపి చదవడం: ఆస్ట్రేలియా డబుల్ డిగ్రీపై అపోహలు - వాస్తవాలు

ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాల్లో ఎల్‌ఎల్‌బీని మరో బ్యాచిలర్ డిగ్రీతో కలిపి చదివే పద్ధతి చాలాకాలంగా ఉంది. న్యాయశాస్త్రాన్నీ ప్రాపర్టీ డెవలప్‌మెంట్‌నూ జతచేసే కోర్సు వాటిలో ఒకటి. రెండో డిగ్రీని కొన్ని చోట్ల ప్రాపర్టీ ఎకనామిక్స్ అనీ, మరికొన్ని చోట్ల ప్రాపర్టీ అని మాత్రమే అంటారు. నేను ఈ దారిలోనే చదివి, ఇప్పుడు సిడ్నీలో అపార్ట్‌మెంట్ ప్రాజెక్టుల ఒప్పందాలు చూసే సొలిసిటర్‌గా (న్యాయవాదిగా) పనిచేస్తున్నాను. పిల్లలను ఈ కోర్సులో చేర్చాలనుకునే తెలుగు కుటుంబాలు నన్ను అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు పదేపదే కనిపిస్తున్నందువల్ల, వాటిని ఒకచోట వివరించడం అవసరమనిపించింది. నేను చెప్పే చట్టాలు ఎక్కువగా న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రానివి. భూమికి సంబంధించిన చట్టం అక్కడ రాష్ట్రానికో తీరుగా ఉంటుందని పాఠకులు గుర్తుంచుకోవాలి.

అపోహ: రెండు డిగ్రీలు కాబట్టి కాలం, సిలబస్ రెండూ రెట్టింపు అవుతాయి.

వాస్తవం: ఎల్‌ఎల్‌బీ ఒక్కటే చదివితే సాధారణంగా నాలుగేళ్లు, ప్రాపర్టీ డిగ్రీ ఒక్కటే చదివితే మూడేళ్లు పడుతుంది. రెండూ కలిపి చదివితే మాత్రం ఎక్కువ విశ్వవిద్యాలయాల్లో అయిదు, అయిదున్నర ఏళ్లలో పూర్తవుతుంది. ఒక డిగ్రీలో విద్యార్థి తన ఇష్టప్రకారం ఎంచుకోవలసిన ఐచ్ఛిక పాఠ్యాంశాల స్థానాన్ని రెండో డిగ్రీలోని తప్పనిసరి పాఠ్యాంశాలు తీసుకోవడమే ఇందుకు కారణం. తగ్గించడానికి వీల్లేనివి న్యాయశాస్త్రంలో పదకొండు ఉన్నాయి. నేర చట్టం, టార్టులు (ఒప్పందంతో పనిలేకుండా, ఇతరులకు చేసిన హానికి ఉండే బాధ్యత), ఒప్పందాలు, ఆస్తి చట్టం, ఈక్విటీ - ట్రస్టులు, కంపెనీ చట్టం, పరిపాలనా చట్టం, రాజ్యాంగ చట్టం, సివిల్ ప్రొసీజర్, సాక్ష్యం, వృత్తి నీతి అనే ఈ పదకొండింటినీ, వాటిని రూపొందించిన సంఘానికి నాయకత్వం వహించిన న్యాయమూర్తి పేరు మీదుగా, ‘ప్రీస్ట్‌లీ ఎలెవెన్’ అని పిలుస్తారు. ఇందులో ఏ ఒక్కటి తప్పినా న్యాయవాదిగా ప్రవేశం దొరకదు. అంటే డబుల్ డిగ్రీ విద్యార్థి కోల్పోయేది కాలం కాదు, ఎంచుకునే స్వేచ్ఛ. మిగిలిన కొద్దిపాటి ఐచ్ఛికాలను ప్లానింగ్ చట్టం, నిర్మాణ ఒప్పందాలు, పన్నులు, స్ట్రాటా (ఫ్లాట్ల ఉమ్మడి యాజమాన్యం) చట్టాలకు కేటాయించుకోవడం మంచిదని నా అభిప్రాయం.

అపోహ: ప్రాపర్టీ సగం తేలిక, అది ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు శిక్షణ లాంటిది.

వాస్తవం: అన్ని అపోహల్లోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఆ సగంలో నేర్పేది విలువ కట్టడం, ప్రాజెక్టు గిట్టుబాటు లెక్క వేయడం, నిర్మాణ సాంకేతికత, నగర ప్రణాళిక, ప్రాజెక్టుకు నిధులు సమకూర్చే పద్ధతులు. అన్నింటికీ మూలమైన లెక్క ఒకటుంది. కట్టబోయే ఫ్లాట్లన్నింటి అమ్మకం విలువ నుంచి నిర్మాణ వ్యయం, ఆర్కిటెక్టు, ఇంజినీర్ల ఫీజులు, కౌన్సిల్ (స్థానిక పురపాలక సంస్థ) చార్జీలు, వడ్డీ, పన్నులు, డెవలపర్ లాభం తీసివేయగా మిగిలే మొత్తమే ఆ స్థలానికి ఇవ్వగలిగిన గరిష్ఠ ధర. చూడటానికి ఇది కూడికలు, తీసివేతల వ్యవహారమే అయినా, అందులోని ప్రతి అంకె వెనుకా ఒక చట్టం గానీ, ఒక ఒప్పంద షరతు గానీ ఉంటుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒక డెవలపర్ 33 లక్షల డాలర్లకు స్థలం కొని, దాని మీద కట్టిన ఫ్లాట్లను మొత్తం 1.1 కోట్ల డాలర్లకు అమ్మాడనుకుందాం. జీఎస్టీ 10 శాతం కనుక, పన్ను కలిసి ఉన్న అమ్మకపు ధరలో పదకొండో వంతు, అంటే 10 లక్షల డాలర్లు, పన్నుగా కట్టాలి. అయితే అక్కడి జీఎస్టీ చట్టంలో ‘మార్జిన్ స్కీమ్’ అనే ఏర్పాటు ఉంది. దాని ప్రకారం పన్ను మొత్తం ధర మీద కాకుండా, అమ్మకం ధరకూ స్థలం కొన్న ధరకూ మధ్య ఉన్న తేడా మీద పడుతుంది. ఇక్కడ తేడా 77 లక్షలు, అందులో పదకొండో వంతు 7 లక్షలు. నిర్మాణ ఖర్చు మీద చెల్లించిన జీఎస్టీని తిరిగి పొందే హక్కు రెండు పద్ధతుల్లోనూ ఉంటుంది కాబట్టి, 3 లక్షల డాలర్ల తేడా నేరుగా లాభంలో కనిపిస్తుంది. కానీ ఈ వెసులుబాటు కోరిన వారందరికీ దక్కదు. స్థలం ఎలాంటి అమ్మకం ద్వారా చేతికి వచ్చిందన్నది చూస్తారు. మామూలు పద్ధతిలో పూర్తి జీఎస్టీ పడిన అమ్మకం ద్వారా కొన్న స్థలానికి ఇది వర్తించదు. పైగా మార్జిన్ స్కీమ్‌ను అనుసరిస్తామని అమ్మేవారూ కొనేవారూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. నేను వృత్తిలోకి వచ్చిన తొలి ఏడాదిలో ఇలాంటి ఒక ఒప్పంద ముసాయిదా నా చేతికి వచ్చింది. గిట్టుబాటు లెక్క వేసినవారు మార్జిన్ స్కీమ్ ఉంటుందని భావించి లెక్క వేశారు. ముసాయిదా రాసినవారు ఆ పేరా చేర్చలేదు. ఒకరి కాగితం మరొకరు చదవలేదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివినందువల్లే ఆ లోపం నా కంటపడింది. ఈ చదువు ఎందుకని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఆ రెండు కాగితాలే గుర్తుకు వస్తాయి.

అపోహ: అక్కడ హక్కుకు ప్రభుత్వమే హామీ ఇస్తుంది కాబట్టి ఆస్తి చట్టం లోతుగా చదవనక్కరలేదు.

వాస్తవం: ఇందులో కొంత నిజం ఉంది. రాబర్ట్ టోరెన్స్ చొరవతో 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో మొదలైన పద్ధతి ప్రకారం, హక్కు మన దగ్గరలా నమోదైన దస్తావేజు వెనుక ఉన్న లింకు డాక్యుమెంట్ల మీద ఆధారపడదు. నమోదే హక్కును ఇస్తుంది. బ్రెస్కవార్ వర్సెస్ వాల్ కేసులో 1971లో హైకోర్టు ఈ సూత్రాన్ని స్పష్టంగా చెప్పింది. (ఆస్ట్రేలియాలో అత్యున్నత న్యాయస్థానం పేరే హైకోర్టు. సుప్రీంకోర్టు అనేది ఒక్కో రాష్ట్రానికి ఒకటి ఉంటుంది. తెలుగు విద్యార్థులు మొదటి సెమిస్టర్‌లో తడబడేది తరచు ఇక్కడే.) అయితే మోసం ద్వారా నమోదు చేయించుకున్నవారికి ఆ రక్షణ లేదు. అంతకన్నా ముఖ్యంగా, రిజిస్టరు యజమాని ఎవరో చెబుతుంది గానీ ఆ స్థలంలో ఏమి కట్టవచ్చో చెప్పదు. జోనింగ్, రోడ్డు విస్తరణ ప్రతిపాదనలు, వారసత్వ కట్టడాల నిబంధనలు, నేల కలుషితం కావడం వంటివి వేరే పత్రాల్లో ఉంటాయి. న్యూ సౌత్ వేల్స్‌లో కౌన్సిల్ ఇచ్చే ప్లానింగ్ సర్టిఫికెట్‌ను అమ్మకపు ఒప్పందానికి తప్పనిసరిగా జతచేయాలి. జతచేయకపోతే ఒప్పందం కుదిరిన 14 రోజుల్లోగా కొనుగోలుదారు దాన్ని రద్దు చేసుకోవచ్చు. ఇక ప్రభుత్వ భూముల విషయంలో ఆదివాసుల భూమి హక్కును గుర్తించిన 1992 నాటి మాబో తీర్పు, దాని వెనుక వచ్చిన 1993 నాటి నేటివ్ టైటిల్ చట్టం తెలియకుండా ఒక్క అడుగు కూడా వేయలేము.

అపోహ: ఫ్లాట్లు అమ్మేశాక డెవలపర్ బాధ్యత తీరిపోతుంది, పగుళ్లు, లీకేజీలు ఇంజినీర్లు చూసుకోవలసిన విషయాలు.

వాస్తవం: నేను చదువుకున్న పాఠం ఈ విషయంలో నా కళ్లముందే తారుమారైంది. వాణిజ్య ఒప్పందం ఉన్న చోట, తర్వాత బయటపడిన లోపాల వల్ల కలిగిన ఆర్థిక నష్టానికి ఫ్లాట్ యజమానుల సంఘం పట్ల బిల్డరుకు టార్టు చట్టం కింద జాగ్రత్త వహించే బాధ్యత లేదని 2014లో హైకోర్టు తీర్పు ఇచ్చింది. 2018 క్రిస్మస్‌కు ముందు రోజు సిడ్నీలోని ఒపల్ టవర్‌లో పగుళ్లు కనిపించి నివాసులను ఖాళీ చేయించారు. 2019 జూన్‌లో మాస్కట్ టవర్స్‌ను కూడా ఖాళీ చేయించవలసి వచ్చింది. పండుగ పూట చేతిలో పట్టినన్ని బట్టలతో ఇల్లు వదిలి బయటకు వచ్చిన కుటుంబాలను చూసిన తర్వాత, లోపాల బాధ్యత ఒప్పంద పక్షాల మధ్యనే తేలిపోవాలన్న వాదన సామాన్యులకు మింగుడుపడలేదు. రాష్ట్ర శాసనసభ 2020లో డిజైన్ అండ్ బిల్డింగ్ ప్రాక్టీషనర్స్ చట్టం తెచ్చి, నిర్మాణ పని చేసేవారికి ప్రస్తుత యజమానుల పట్లా, తర్వాత కొనేవారి పట్లా జాగ్రత్త వహించే బాధ్యతను విధించింది; అంతకు ముందు పదేళ్లలో బయటపడిన నష్టాలకూ దాన్ని వర్తింపజేసింది. పని మీద గణనీయమైన నియంత్రణ ఉన్న డెవలపర్ కూడా దీని పరిధిలోకి రావచ్చు. ఆ బాధ్యతను సబ్‌కాంట్రాక్టర్ల మీదికి పంచి తప్పించుకోవడం కుదరదని 2024 డిసెంబరులో హైకోర్టు, ఒక్క ఓటు తేడాతో, తేల్చింది.

ఈ కేసుల ఫైళ్లలో సగం పేజీలు వాటర్‌ప్రూఫింగ్ పొరల గురించీ, అగ్నిమాపక ఏర్పాట్ల గురించీ, కాంక్రీటు బీముల గురించీ ఉంటాయి. నిర్మాణ సాంకేతికత క్లాసులో స్లాబు అడ్డుకోత చిత్రం గీసిన విద్యార్థికి నిపుణుడి నివేదిక అర్థమవుతుంది. గీయనివారు నిపుణుడు ఏది చెబితే అది నమ్మవలసి వస్తుంది.

అపోహ: ఒప్పందాలన్నీ అచ్చు నమూనాలే, రిజిస్ట్రేషన్లు ఎలక్ట్రానిక్ అయ్యాయి, ఇక లాయర్లకు పనేముంటుంది?

వాస్తవం: న్యూ సౌత్ వేల్స్‌లో 2021 అక్టోబరు నుంచి కాగితపు టైటిల్ సర్టిఫికెట్లే లేవు. మామూలు ఇంటి అమ్మకాలను లైసెన్సు ఉన్న కన్వెయన్సర్లు (ఆస్తి బదిలీ పత్రాలు చూసేవారు) చక్కగా చేస్తున్నారు. డెవలప్‌మెంట్ పని వేరు. కట్టకముందే ప్లాను చూసి కొనే ఫ్లాట్ల ఒప్పందాల్లో ‘సన్‌సెట్ క్లాజ్’ ఉంటుంది. ఫలానా తేదీలోగా నిర్మాణం పూర్తికాకపోతే ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలు అది కల్పిస్తుంది. ధరలు పెరిగినప్పుడు కొందరు డెవలపర్లు కావాలనే ఆలస్యం చేసి, పాత కొనుగోలుదారులను వదిలించుకుని ఎక్కువ ధరకు అమ్ముకున్నారనే ఆరోపణలు రావడంతో, కొనుగోలుదారు అంగీకారం గానీ సుప్రీంకోర్టు ఉత్తర్వు గానీ లేకుండా డెవలపర్ ఆ క్లాజ్ కింద రద్దు చేయరాదని 2015లో చట్టాన్ని సవరించారు. అచ్చు నమూనా అలాగే ఉంది, దాని అర్థం మారిపోయింది.

అపోహ: పట్టా చేతికి వస్తే లాయరు అయిపోయినట్టే, వాల్యూయర్ (ఆస్తికి విలువ కట్టే నిపుణుడు) కూడా.

వాస్తవం: రెండూ కాదు. డిగ్రీ తర్వాత ప్రాక్టికల్ లీగల్ ట్రైనింగ్ పూర్తిచేయాలి, రాష్ట్ర సుప్రీంకోర్టు ప్రవేశం ఇవ్వాలి, ప్రాక్టీసింగ్ సర్టిఫికెట్ తీసుకోవాలి, ఆపైన సాధారణంగా రెండేళ్లు మరో న్యాయవాది పర్యవేక్షణలో పనిచేయాలి. వాల్యూయర్ అర్హతకు వృత్తి సంస్థల దారి వేరే ఉంది. ఇంట్లో బడ్జెట్ వేసుకునేటప్పుడు ఈ అదనపు కాలాన్నీ, శిక్షణ ఫీజునూ లెక్కలో చేర్చుకోవడం అవసరం.

అపోహ: ఈ డిగ్రీతో ఇండియాకు తిరిగి వచ్చి వెంటనే ప్రాక్టీసు పెట్టవచ్చు.

వాస్తవం: చదివిన విశ్వవిద్యాలయపు న్యాయ డిగ్రీకి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉండాలి, విదేశీ డిగ్రీ ఉన్నవారికి నిర్వహించే అర్హత పరీక్షలో నెగ్గాలి. ఆ గుర్తింపు సంగతి చేరకముందే తెలుసుకోవాలి. గిట్టుబాటు లెక్క, ఒప్పంద సూత్రాలు మనతో పాటు వస్తాయి; టోరెన్స్ పద్ధతి రాదు. తిరిగి వచ్చి ఈ రంగంలోనే పనిచేయాలనుకునేవారు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టాన్నీ, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టాన్నీ, 2016 నాటి రెరా చట్టాన్నీ చివరి ఏడాదిలోనే సొంతంగా చదవడం మొదలుపెట్టాలి, ఎందుకంటే అక్కడి తప్పనిసరి పాఠ్యాంశాల్లో ఇవి ఉండవు.