చదివింది ఎక్కడికి పోతుంది?

ఫోను పక్కన పెట్టుకుని చదివితే బుర్రకు ఏమీ ఎక్కదని ఇళ్లలో పెద్దలు కోప్పడుతుంటారు. పిల్లలు ఒప్పుకోరు. "కావాలంటే అడగండి, చెబుతాను" అంటారు. అడిగితే చాలాసార్లు చెబుతారు కూడా. ఈ వాదంలో పిల్లల పక్షాన కొంత న్యాయం ఉంది. చదివింది ఎక్కుతుంది. కాకపోతే ఎక్కవలసిన చోటికి ఎక్కదు.

మెదడులో జ్ఞాపకానికి వేరువేరు స్థానాలున్నాయని శాస్త్రవేత్తలకు బలంగా తెలిసింది హెన్రీ మొలైసన్ అనే అమెరికన్ రోగి వల్ల. మూర్ఛలతో బతుకు దుర్భరమైన ఆయనకు 1953లో శస్త్రచికిత్స చేసి, రెండు కణతల లోపలి భాగంలో ఉండే హిప్పోకాంపస్‌ను చాలావరకు తొలగించారు. మూర్ఛలు తగ్గాయి. కానీ ఆ తరువాత జరిగిన ఏ సంఘటనా ఆయన మనసులో నిలవలేదు. అప్పుడు బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వవేత్త ఆయన చేత ఒక పని చేయించారు. చేతిని నేరుగా చూడకుండా అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల వెంబడి పెన్సిల్ నడపాలి. మొదట ఎవరికైనా చేయి తిరగదు. మొలైసన్ రోజురోజుకూ తప్పులు తగ్గించుకుంటూ పోయారు. అయినా ఆ పని అంతకుముందు ఎప్పుడైనా చేశారా అంటే, చేయలేదనే అనుకునేవారు. చేతికి వచ్చిన విద్య మనిషికి తెలియలేదన్న మాట.

సంఘటనలను, విషయాలను, వాటి మధ్య సంబంధాలను నిలిపి ఉంచడానికి హిప్పోకాంపస్ కావాలి. పదేపదే చేయడం వల్ల వచ్చే అలవాట్లకు మెదడు లోతున ఉన్న స్ట్రయేటమ్ అనే భాగం ఆధారం. బార్బరా నోల్టన్ బృందం 1996లో ఈ రెండింటినీ ఒక ఆటతో విడదీసి చూపించింది. తెరపై ఆకారాలు గీసిన కార్డులు కనిపిస్తాయి. వాటిని బట్టి వాన వస్తుందో, ఎండ కాస్తుందో చెప్పాలి. చెప్పగానే తప్పో ఒప్పో తెలిసిపోతుంది. ఏ కార్డూ నూటికి నూరుపాళ్లు నమ్మదగింది కాదు గనుక ఆడగా ఆడగా పట్టు దొరకవలసిందే. కొత్త విషయాలు గుర్తుండని రోగులు ఈ ఆటలో మెరుగయ్యారు, ఆట గురించిన ప్రశ్నలకు మాత్రం తడబడ్డారు. స్ట్రయేటమ్ దెబ్బతినే పార్కిన్సన్స్ రోగుల్లో దీనికి తలకిందులుగా జరిగింది. ఆట వివరాలన్నీ వారికి గుర్తున్నాయి, ఊహలు మాత్రం మెరుగుపడలేదు.

నేను ఈ వ్యాసం రాయడానికి కారణమైన ప్రయోగం దీని తరువాతది. 2006లో కరిన్ ఫోర్డే, నోల్టన్, రసెల్ పోల్డ్రాక్ అదే ఆటను ఏ జబ్బూ లేని యువతీయువకుల చేత ఆడించారు. కొన్ని కార్డులను నిశ్చింతగా నేర్చుకోనిచ్చారు. మరికొన్నింటిని నేర్చుకుంటున్నప్పుడు చెవిలో సన్నటి, బొంగురు శబ్దాలు వినిపిస్తూ, సన్నటివి ఎన్నో లెక్కపెట్టమన్నారు. చివరికి పరీక్షిస్తే రెండు రకాల కార్డుల్లోనూ ఊహల ఖచ్చితత్వం ఇంచుమించు ఒకటే! ఇక్కడితో ఆపేస్తే పిల్లల వాదమే గెలిచినట్టు. కానీ ఏ కార్డు దేన్ని సూచిస్తుందని విడమరచి అడిగినప్పుడు, శబ్దాలు లెక్కపెడుతూ నేర్చుకున్న కార్డుల గురించి వాళ్లు సరిగా చెప్పలేకపోయారు. మెదడు చిత్రాల్లోనూ ఆ తేడా కనిపించింది. నిశ్చింతగా నేర్చుకున్నప్పుడు హిప్పోకాంపస్, ధ్యాస చీలినప్పుడు స్ట్రయేటమ్ ప్రధానంగా పనికి దిగాయి.

కార్డుల ఆట భౌతికశాస్త్ర పాఠం కాదు, ప్రయోగమూ చిన్నదే. అయినా మన ఇంటర్మీడియట్ చదువులను చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఓమ్ నియమం మీద బిట్టు ఇస్తే విద్యార్థి కళ్లు మూసుకుని జవాబు గుర్తిస్తాడు. సమాంతరంగా కలిపిన మూడు బల్బుల్లో ఒకటి తీసేస్తే మిగతావాటి వెలుగు తగ్గుతుందా అని అడిగితే ఆగిపోతాడు. అలవాటుగా వచ్చిన చదువు అడిగిన రూపంలోనే అడిగితే పలుకుతుంది. ప్రశ్న కాస్త వంకర తిరిగితే సాయానికి రాదు. వేల బిట్లు రుద్దించే కోచింగు కూడా ఇందుకు కొంత కారణమనే నా అభిప్రాయం. నేరమంతా ఫోను మీదికి నెట్టేయడం సులువు గానీ న్యాయం కాదు.

నిజానికి రెండు పనులు ఒకేసారి చేస్తున్నామని మనం అనుకునేటప్పుడు, మెదడు చాలావరకు ఒకదాని నుంచి మరోదానికి, మళ్లీ వెనక్కు మారుతూ ఉంటుంది. ఇది స్మార్ట్‌ఫోన్‌తో పుట్టిన ఇబ్బంది కాదు. 1927లోనే ఆర్థర్ జెర్సిల్డ్ అంకెలిచ్చి, ఒకదానికి కూడిక, తరువాతిదానికి తీసివేత చేయమంటే, ఒకే రకం లెక్క చేసేటప్పటికంటే ఎక్కువ సమయం పడుతుందని చూపించారు. పని మారబోతోందని ముందే తెలిసినా, సిద్ధపడేందుకు వ్యవధి ఇచ్చినా ఆ జాప్యం పూర్తిగా పోదని 1995లో రోజర్స్, మాన్సెల్ తేల్చారు. వదిలేసిన పని నియమాలు మెదడులో ఇంకా కాసేపు మెదులుతూనే ఉంటాయి. పప్పు కలుపుతూ పాట వినడంలో చిక్కు లేదు, ఎందుకంటే గరిట తిప్పడం ఎప్పుడో అలవాటులోకి వెళ్లిపోయింది. పాఠం వింటూ సందేశం చదవడం అలాంటిది కాదు. రెండూ మాటలే, రెంటికీ అర్థం తీయాలి.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక అభ్యంతరం తోచకమానదు. మరి మన అష్టావధానుల సంగతేమిటి? సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి అంటూ ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టుముట్టినా నెగ్గుకొస్తారు కదా? జాగ్రత్తగా చూస్తే అవధాని ఏ క్షణాన చూసినా ఒక్క పృచ్ఛకునికే సమాధానం చెబుతుంటారు. ఒకరికి ఒక పాదం చెప్పి, దాన్ని మనసులో దాచుకుని, తరువాతి వారి వైపు తిరుగుతారు. ఆవృత్తులన్నీ పూర్తయ్యాక పద్యాలన్నీ ధారణ చేస్తారు. మార్పిడికయ్యే ఖర్చు ఆయనకూ తప్పదు. ఛందస్సు ఏళ్ల సాధనతో అలవాటుగా మారిపోయింది గనుక ధ్యాసనంతా భావం మీద, జ్ఞాపకం మీద పెట్టగలుగుతున్నారని నేననుకుంటాను. ఏకాగ్రత చెదరగొట్టడానికే అప్రస్తుత ప్రసంగం చేసే మనిషిని ప్రత్యేకంగా కూర్చోబెట్టడం అవధానంలో నాకు అన్నిటికంటే నచ్చే విషయం. అంతరాయం ఎంత గట్టి పరీక్షో బాగా తెలిసినవాళ్లే అలాంటి ఏర్పాటు చేయగలరు. ఇప్పుడు చదువుకునే ప్రతి పిల్లవాడి పక్కనా ఆ అప్రస్తుత ప్రసంగి కూర్చునే ఉన్నాడు. అవధానికున్న సాధన పిల్లవాడికి లేదు.

ఫోన్లు మెదడును శాశ్వతంగా పాడుచేశాయని చెప్పేవారి మాటలు మాత్రం నమ్మబుద్ధి కాదు. ఒకేసారి ఎన్నో మాధ్యమాలతో కాలక్షేపం చేసేవారు అనవసరమైన వాటిని వడగట్టలేకపోతున్నారని 2009లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చెప్పినప్పుడు పెద్ద సంచలనమైంది. తరువాత అదే పరీక్షను మళ్లీ జరిపినవారిలో కొందరికి ఆ తేడా స్వల్పంగానే కనిపించింది, కొందరికి అసలు కనిపించలేదు. పైగా ఫోను వల్ల నిలకడ తగ్గిందో, నిలకడ లేనివారే ఫోనును ఎక్కువగా పట్టుకుంటున్నారో ఆ ప్రయోగం చెప్పలేదు.

చదివింది నిలిచిందో లేదో ఎప్పుడు పరీక్షిస్తామన్నది కూడా ముఖ్యమే. 2006లోనే రోడిగర్, కార్పికే జరిపిన ప్రయోగంలో, చదివిన అయిదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవారు ముందున్నారు. వారం తరువాత పెడితే, చదివింది చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారు వారిని దాటిపోయారు. పుస్తకం మూయగానే అడిగే ప్రశ్న ఎవరినైనా మోసం చేస్తుంది.

తరగతి గదిలో తెర చూసుకునేవాడి విషయంలో "వాడి ఇష్టం, వాడి నష్టం" అంటుంటాం. 2013లో కెనడా పరిశోధకులు ఆ నష్టాన్ని కొలిచారు. పాఠం మధ్యలో ల్యాప్‌టాప్‌లో వేరే పనులు చేసిన విద్యార్థులకు మిగతావారికంటే 11 శాతం తక్కువ మార్కులు వచ్చాయి. ఏ పాపమూ ఎరుగక, ఆ తెరలు కనిపించేలా కూర్చున్నవారికి తగ్గింది 17 శాతం. ఆ లెక్కన మొదటి బెంచీలో తెర తెరిచినవాడు వెనక ఉన్న వరుసలన్నింటినీ దెబ్బతీస్తాడు. చివరి బెంచీవాడు తనను తప్ప మరెవరినీ చెడగొట్టడు. మన మాష్టార్లు మాత్రం ఎప్పుడూ చివరి బెంచీవాడినే లేపి నిలబెడతారు.