ఆపరేషన్ బల్ల మీదే బయటపడే జన్యువు

ఈమధ్య ఒక పాఠకురాలు పంపిన ప్రశ్న ఇది. "మా తమ్ముడికి అపెండిక్స్ ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ గంటలో అయిపోయింది గానీ, ఆ తర్వాత చాలాసేపు వాడికి సొంతంగా ఊపిరి రాలేదు. వెంటిలేటర్ మీద ఉంచారు. సాయంత్రానికి మామూలైపోయాడు. ఒంట్లో ఏదో ఎంజైమ్ లేదని, వంశపారంపర్యంగా వస్తుందని డాక్టరుగారు అన్నారు. ఇన్నాళ్లూ వాడికి ఏ జబ్బూ లేదే! ఎంజైమే లేని మనిషి ఇంతకాలం ఎలా బతికాడు?"

ఆ చివరి ప్రశ్న చాలా విలువైనది. మన బడుల్లో జన్యుశాస్త్రం పొడుగు, పొట్టి బఠానీ మొక్కలతో మొదలవుతుంది. దాంతో ఒక్కో జన్యువూ ఒక్కో లక్షణమనే భావన పిల్లల మనసులో పాతుకుపోతుంది. పెద్దయ్యాక అదే భావన 'జన్యువులో ఉంటే ఇక తప్పదు' అనే భయంగా మారుతుంది. నుదుటి రాత అనే పాత మాటకి కొత్త పేరు పెట్టడమే ఇది. నిజానికి ఇలాంటి జన్యువు చేసే పని ఒకటే. ఫలానా ప్రోటీన్‌లో ఏ అమైనో ఆమ్లం తర్వాత ఏది రావాలో చెబుతుంది. ఆ ప్రోటీన్‌కి ఒంట్లో ఏ పదార్థం ఎప్పుడు ఎదురవుతుందనేది వేరే కథ.

ఈ కథలో ప్రోటీన్, అంటే ఆ తమ్ముడి ఒంట్లో లేని ఎంజైమ్, పేరు బ్యూటిరిల్ కోలినెస్టరేజ్. కాలేయం దీన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఈ కథలో దీని పనేమిటో తెలియాలంటే కండరం ఎలా కదులుతుందో చూడాలి.

నరం చివర నుంచి ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం విడుదలై, కండరం పైపొర మీదున్న గ్రాహకాలకు అతుక్కుంటుంది. దీన్ని ఒక కాలింగ్ బెల్ అనుకోండి. నొక్కగానే ఒక్కసారి మోగే రకం బెల్. మళ్లీ మోగాలంటే వేలు తీసి మళ్లీ నొక్కాలి. ఎసిటైల్ కోలిన్ వేలు. బెల్ మోగడమంటే సోడియం అయాన్లు కండర కణంలోకి దూసుకెళ్లి కండరం ముడుచుకోవడం. ఆ వేలిని వెంటనే తీసేయడానికి అక్కడికక్కడే ఎసిటైల్ కోలినెస్టరేజ్ అనే మరో ఎంజైమ్ కాపలా ఉంటుంది. మిల్లీసెకన్లలో ఎసిటైల్ కోలిన్‌ను విరగ్గొట్టేస్తుంది. మనం టకటకా టైపు చేయగలుగుతున్నామంటే, ప్రతి నొక్కు తర్వాతా వేలు తీసేసే ఈ కాపలా వల్లే.

ఇప్పుడు ఎవరో బెల్ నొక్కి వేలు తియ్యకుండా అలాగే పెట్టారనుకోండి. ఒకసారి మోగి ఊరుకుంటుంది. ఇంకెవరు వచ్చినా మోగించలేరు. మత్తు డాక్టర్లు 'స్కోలిన్' అని పిలిచే సక్సినైల్ కోలిన్ సరిగ్గా ఇదే చేస్తుంది. రెండు ఎసిటైల్ కోలిన్ అణువులను కలిపి అతికిస్తే వచ్చే అణువు ఇది. గ్రాహకానికి చక్కగా అతుక్కుంటుంది, కానీ అక్కడున్న కాపలా ఎంజైమ్ దీన్ని విరగ్గొట్టలేదు. ఇంజెక్షన్ ఇవ్వగానే ఒంట్లో కండరాలు ఒకసారి అదురుతాయి. నిమిషంలోపే పూర్తిగా వదులైపోతాయి. ఎందుకంటే గ్రాహకాల పక్కనున్న సోడియం ద్వారాలు ఒకసారి తెరుచుకుని మూసుకున్నాక, కణపొర విద్యుత్తు మామూలు స్థితికి వచ్చేదాకా మళ్లీ తెరుచుకోవు. ఊపిరి తీయించే డయాఫ్రమ్ కూడా కండరమే కాబట్టి అదీ ఆగిపోతుంది. గొంతులోకి శ్వాసగొట్టం సులువుగా వేయడానికే ఈ మందు.

మామూలు మనిషిలో ఇదంతా 5 నుంచి 10 నిమిషాల ముచ్చట. బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ రక్తంలోనే కాచుకుని ఉండి, ఇచ్చిన మందులో చాలా భాగాన్ని కండరం దాకా పోనివ్వకుండానే విరగ్గొడుతుంది. అంటే బెల్ దాకా చేరే వేళ్లు కొన్నే. రక్తంలో మందు తగ్గేకొద్దీ, గ్రాహకాల మీదున్నది కూడా జారి రక్తంలోకి వచ్చి విరిగిపోతుంది. ఈ ఎంజైమ్ లేనివారిలో రెండు వైపులా దెబ్బ. వచ్చిన వేళ్లన్నీ బెల్ దాకా చేరతాయి. చేరినవి త్వరగా వదలవు. మామూలు మోతాదే గంటల తరబడి పనిచేస్తుంది. అప్పటిదాకా వెంటిలేటర్ ఊపిరి అందిస్తే మనిషికి ఏమీ కాదు. మత్తు మాత్రం కొనసాగించాలి. లేకపోతే రోగికి తెలివి వచ్చి, కదల్లేక, చెప్పలేక నరకం అనుభవిస్తాడు.

ఆ తమ్ముడు ఇన్నాళ్లూ ఎలా బతికాడంటే, స్కోలిన్ లాంటి అణువు అతని ఒంట్లోకి ఎప్పుడూ రాలేదు కనుక. వైద్యంలోకి ఈ మందు వచ్చిందే 1951 ప్రాంతంలో. అంతకుముందు తరాల్లో ఈ లోపం ఉన్నవాళ్లు నిక్షేపంగా బతికి, తమలో తేడా ఉందని తెలియకుండానే వెళ్లిపోయారు. స్కోలిన్ వచ్చిన కొద్ది ఏళ్లకే వెర్నర్ కాలో అనే శాస్త్రవేత్త, కొందరిలో ఈ ఎంజైమ్ రూపమే వేరుగా ఉందని చూపించాడు. మనిషికీ మనిషికీ మందు ఎందుకు వేరుగా పనిచేస్తుందో జన్యువుల్లో వెతికే ఫార్మకోజెనెటిక్స్‌కి అది తొలి ఉదాహరణల్లో ఒకటి.

ఈ కథకి మన నేలతో సంబంధం ఉంది. ఆర్యవైశ్య సమాజంలో ఈ లోపం మిగతావారికంటే సుమారు వంద రెట్లు ఎక్కువ. కారణమైన మార్పును 2006లో ప్రచురించారు. ఈ ప్రోటీన్ 574 అమైనో ఆమ్లాల గొలుసు. ఒక్కో అమైనో ఆమ్లానికి మూడేసి డీఎన్‌ఏ అక్షరాల చొప్పున జన్యువులో దానికి 1722 అక్షరాలు. అందులో ఒక్కచోట 'టి' బదులు 'సి' పడింది. దాంతో 307వ స్థానంలో ల్యూసిన్ పోయి ప్రోలిన్ వచ్చింది. ప్రోలిన్ మొండిది. దాని పక్కశాఖ వెనక్కి తిరిగి సొంత నైట్రోజన్‌కే ముడిపడి ఉంటుంది. అందుకే గొలుసు అక్కడ కావలసినట్టు మలుపు తిరగదు, పక్క భాగాలతో హైడ్రోజన్ బంధం వేసుకోలేదు. ప్రోటీన్ మడత చెడి నిలవకుండా పోతుంది. మందును విరగ్గొట్టే చోటు చెక్కుచెదరకుండా రాసి ఉన్నా, దాన్ని మోసే నిర్మాణమే నిలబడకపోతే ఏం లాభం?

ఇది మేనరికాల ఫలితమని కొందరు తేల్చేస్తారు. అది సగమే నిజం. వైశ్యుల పూర్వీకుల్లో వంద తరాలకు ముందే ఒక కొద్దిమంది గుంపు నుంచి జనాభా పెరిగిందని జన్యు అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ కొద్దిమందిలో ఒకరి దగ్గరున్న మార్పు, లోపలి పెళ్లిళ్ల వల్ల చాలామందిలోకి పాకింది. కాబట్టి ఏ చుట్టరికమూ లేదనుకున్న దంపతులిద్దరిలోనూ అది ఉండొచ్చు. ఇందులో ఒక కులాన్ని వేలెత్తి చూపడానికేమీ లేదు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న 2017 నాటి అధ్యయనం, దక్షిణాసియాలో ఇలా కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చిన 81 సమూహాలను గుర్తించింది. ఈ ఎంజైమ్ లోపమే అలాస్కా ఆదివాసుల్లోనూ ఎక్కువ.

పల్లె ఆస్పత్రులకు సంబంధించిన ఒక సంగతి కూడా చెప్పాలి. మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందు ఒంట్లోకి పోయినప్పుడు రక్తంలో కోలినెస్టరేజ్ పరీక్ష చేస్తారు. ఆ విషం ఎంజైమ్‌లోని సెరిన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది కాబట్టి అంకె పడిపోతుంది. పుట్టుకతోనే ఎంజైమ్ లేని మనిషికి విషం తాగకపోయినా ఆ అంకె అట్టడుగునే ఉంటుంది. లక్షణాలు చూడకుండా కాగితం ఒక్కటే చూస్తే పొరపడతారు.

ఇక ఆ అక్కగారికి. ఈ లోపం పూర్తిగా ఉండాలంటే అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు ప్రతులూ మారినవే రావాలి. ఒక్కటే వస్తే ఎంజైమ్ దాదాపు సగం ఉంటుంది, సాధారణంగా సరిపోతుంది. మీ తమ్ముడికి వచ్చింది కాబట్టి మీకూ ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. సీరమ్ కోలినెస్టరేజ్ రక్తపరీక్ష చేయించుకోండి. గర్భంతో ఉన్నప్పుడు, కాలేయం దెబ్బతిన్నప్పుడు ఈ అంకె సహజంగానే తగ్గుతుంది, ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. మీ తమ్ముడి పర్సులో 'స్కోలిన్, మివాక్యూరియం ఇవ్వకూడదు' అని రాసిన కార్డు ఉంచండి (మివాక్యూరియం కూడా ఈ ఎంజైమే విరగ్గొట్టే, కండరాలను వదులు చేసే మందు). వాటి బదులు రోక్యూరోనియం లాంటి మందులున్నాయి, వాటి ప్రభావం పోవడానికి ఈ ఎంజైమ్‌తో పనిలేదు. పెళ్లి సంబంధాల దగ్గర దీన్ని దాచాల్సిన అవసరం లేదు, భయపడాల్సిన అవసరం అంతకన్నా లేదు. మత్తు డాక్టరుకి ముందే తెలిస్తే చాలు.