పాలు లేని కెఫిర్: గింజకు కావలసిన చక్కెర, పులుపుకు ఉన్న బలం

చిత్తూరు ప్రాంతం పాడికి పేరున్న నేల. పొద్దునా సాయంత్రం పాల కేంద్రాల దగ్గర క్యాన్లు బారులు తీరే పల్లెలు ఇక్కడ చాలా ఉన్నాయి. అయినా గింజలు వేసి పులియబెట్టే కెఫిర్ అనే పుల్లని పానీయాన్ని పాలు లేకుండా చేసుకోవడం గురించి మనం తెలుసుకోవలసిన అవసరం ఉంది. పెద్దయ్యాక పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించుకోలేక, గ్లాసు పాలు తాగితే చాలు కడుపుబ్బరంతో అవస్థపడేవారు దక్షిణ భారతంలో తక్కువేమీ కాదు. పాలకు బదులు బెల్లపు నీళ్లలోనో కొబ్బరి నీళ్లలోనో కెఫిర్ చేసుకోవచ్చని విని ఆ గింజలను తెప్పించుకునేవారు రెండు నమ్మకాలతో మొదలుపెడతారు: గింజ ఏ తీపి ద్రవంలోనైనా పెరుగుతుందని, అలా తయారైన పానీయం రోగక్రిములను చంపుతుందని. రెండింటిలోనూ కొంత నిజం ఉంది, కానీ ఆ నిజానికి హద్దులు ఉన్నాయి.

కెఫిర్ గింజ అంటే విత్తనం కాదు. బ్యాక్టీరియా, ఈస్టులు కలిసి తమ చుట్టూ తామే అల్లుకున్న జిగురు పదార్థంలో కాపురం ఉండే ముద్ద అది. కాకసస్ పర్వత ప్రాంతం నుంచి వచ్చిన పాల కెఫిర్ గింజ తెల్లగా, రబ్బరులా సాగుతూ ఉంటుంది. దాని జిగురు పేరు కెఫిరాన్, అది గ్లూకోజ్, గాలక్టోజ్ అనే రెండు చక్కెరలు కలిసిన గొలుసు. నీటి కెఫిర్ గింజ వేరే జాతి. దాన్ని అరచేతిలో వేసుకుని చూస్తే ఉడికిన సగ్గుబియ్యంలా వెలుతురు లోపలికి దిగేంత పారదర్శకంగా కనిపిస్తుంది. వేళ్ల మధ్య నొక్కితే సాగదు, పుటుక్కున విరుగుతుంది. దాని జిగురు డెక్స్‌ట్రాన్, అంటే కేవలం గ్లూకోజ్ అణువులతో కట్టిన గొలుసు. పేరు ఒకటే అయినా ఈ రెండూ ఒకదాని నుంచి మరొకటి పుట్టినవి కావు. పాల గింజను చక్కెర నీళ్లలో కొన్నాళ్లు ఉంచితే నీటి గింజగా మారిపోతుందన్న మాట సరైనది కాదు.

ఈ నీటి గింజలను శాస్త్రీయంగా మొదట విడదీసి చూసినవారిలో హ్యారీ మార్షల్ వార్డ్ ముఖ్యుడు. సింహళంలో కాఫీ తోటలను నాశనం చేసిన తుప్పు తెగులును పరిశోధించిన ఆ ఆంగ్లేయ వృక్షశాస్త్రవేత్తే, 1892లో అల్లం పానీయం తయారీకి వాడే గింజలపై సుదీర్ఘమైన వ్యాసం ప్రచురించాడు. ఒక ఈస్టు, జిగురు తొడుగు కట్టుకునే ఒక బ్యాక్టీరియా, ఈ రెండూ కలిస్తేనే గింజ నిలుస్తుందని ఆయన చూపించాడు. జిగురును తయారుచేసే బ్యాక్టీరియా లాక్టోబాసిల్లస్ హిల్గార్డీ అని దాదాపు ఒక శతాబ్దం తర్వాత, 1989లో తేలింది.

ఆ జిగురు తయారయ్యే తీరు తెలిస్తే ఏ ద్రవం పనికొస్తుందో, ఏది పనికిరాదో చాలావరకు మనమే చెప్పగలం. మనం వాడే పంచదారలో ఉండేది సుక్రోజ్. అది ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్ జతకట్టిన అణువు. ఈ బ్యాక్టీరియా విడుదల చేసే ఎంజైము కణం వెలుపలే ఆ జతను తెంచి, తెంచినప్పుడు దొరికే శక్తితోనే గ్లూకోజ్‌ను డెక్స్‌ట్రాన్ గొలుసుకు అతికిస్తుంది. మిగిలిన ఫ్రక్టోజ్‌ను ద్రవంలోకి వదిలేస్తే దాన్ని ఈస్టులు, తక్కిన బ్యాక్టీరియా వాడుకుంటాయి. ఇక్కడ కీలకం ఆ జత బంధమే. విడివిడిగా గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఎంత ఉన్నా ఆ ఎంజైముకు గొలుసు కట్టే శక్తి దొరకదు. అందుకే తేనె కలిపిన నీళ్లు చక్కగా పులుస్తాయి, గింజ మాత్రం పెరగదు, ఎందుకంటే తేనెలో ఉన్న చక్కెరల్లో అత్యధిక భాగం ముందే విడిపోయిన గ్లూకోజ్, ఫ్రక్టోజ్. ద్రవం పులవడం వేరు, గింజ పెరగడం వేరు. ఈ తేడా తెలియక మంచి గింజలను పోగొట్టుకునేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఆ లెక్కన మన చెరకు బెల్లం ఈ గింజకు చాలా అనువైన మేత. అందులో అధిక భాగం సుక్రోజే. పైగా పంచదార శుద్ధిలో పోయే పొటాషియం, కాల్షియం వంటి ఖనిజాలు అందులో మిగిలి ఉంటాయి. లీటరు నీటికి సుమారు 60 గ్రాముల బెల్లం సరిపోతుంది. అయితే చిత్తూరు బెల్లం మండీలో రంగును బట్టి ధర పలుకుతుంది కాబట్టి, గానుగ దగ్గర పాకం కాగేటప్పుడే రంగు తేలడానికి హైడ్రోస్ అని పిలిచే సోడియం హైడ్రోసల్ఫైట్‌ను వేయడం ఉంది. దాని నుంచి మిగిలే సల్ఫర్ డయాక్సైడ్ ఈస్టులను, బ్యాక్టీరియాను అణచే పదార్థం. పండ్ల గుజ్జు చెడిపోకుండా కలిపే నిల్వ మందుల్లో అదీ ఒకటి. అందుచేత పసుపు రంగులో మెరిసే బెల్లం కంటే మందు పడని ముదురు రంగు బెల్లమే కెఫిర్‌కు మేలు. గింజలు గోధుమ రంగుకు తిరుగుతాయి, దానివల్ల నష్టమేమీ లేదు. చక్కెరతో పాటు వాటికి కొద్దిగా నత్రజని పదార్థం కూడా కావాలి. దాని కోసమే ఎండు అంజూరమో ఎండు ద్రాక్షో వేస్తారు. గంధకం పొగ పట్టించి లేత రంగు నిలిపిన ద్రాక్షతోనూ ఇదే చిక్కు వస్తుంది.

కొబ్బరి నీళ్ల సంగతి ఆసక్తికరమైనది. లేత బోండంలో తీపి ఎక్కువగా గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌ల వల్ల వస్తుంది. కాయ ముదిరే కొద్దీ సుక్రోజ్ వాటా పెరుగుతుంది. తిరుమలలో అఖిలాండం దగ్గర కొట్టే ముదురు కొబ్బరికాయ నీళ్లలో మొత్తం తీపి తక్కువే కానీ, గింజకు పనికొచ్చే చక్కెర వాటా లేత బోండంలో కంటే ఎక్కువ. దేనిలో వేసినా గింజ బరువు నిలవాలంటే మధ్య మధ్యలో బెల్లపు నీళ్లకు మార్చక తప్పదు. రాగి జావలో ఉండేది పిండిపదార్థం. కెఫిర్ సూక్ష్మజీవులలో చాలావాటికి పిండిని విడగొట్టే శక్తి లేదు. రాగులను మొలకెత్తించి పిండి పట్టించినప్పుడు మొలకలోని ఎంజైములే పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తాయి, అప్పుడు జావ పులుస్తుంది, గింజ మాత్రం అంతే ఉంటుంది. సోయా పాలలో పాల గింజలను వేస్తే పులుపు 4.5 పీహెచ్ (పులుపు కొలమానం, అంకె తగ్గే కొద్దీ పులుపు ఎక్కువ) దగ్గరకు చేరేసరికి సోయా మాంసకృత్తులు గడ్డకట్టి పెరుగులాంటిది తయారవుతుంది; కానీ లాక్టోజ్ లేని చోట పాల గింజ పెరుగుదల మందగిస్తుంది. చెనక్కాయల పాలతోనూ చేయవచ్చు. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: తేమ పట్టి బూజు సోకిన చెనక్కాయల్లో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండవచ్చు, దాన్ని మరగబెట్టినా నమ్మలేము, పులియబెట్టినా నమ్మలేము. రంగు మారిన చెనక్కాయ గింజలను ఏరి పారేయడం ఒక్కటే దారి.

నీళ్ల గురించి కూడా ఒక మాట. మన ఇళ్లలో తాగేవి ఎక్కువగా క్యాన్ నీళ్లు, అంటే ఖనిజాలు దాదాపు తీసేసిన ఆర్‌వో నీళ్లు. కాల్షియం కొరవడి, పులుపును తట్టుకునే క్షార గుణం లేని నీటిలో ఆమ్లత వేగంగా పెరిగి గింజ పెరుగుదల ఆగిపోతుందని పరిశోధనల్లో తేలింది. గిన్నె అడుగున తెల్లటి పొర కట్టే బోరు నీళ్లు, తాగడానికి యోగ్యమైనవైతే, కాచి చల్లార్చి కొంత కలిపితే గింజలు కోలుకుంటాయి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కనుక వాటినీ కాచి చల్లార్చే వాడాలి.

ఇక సూక్ష్మజీవులను అణచే శక్తి సంగతి. దీన్ని పరీక్షించే పద్ధతి సులువుగా అర్థమయ్యేదే: గాజు పళ్లెంలో అగర్ అనే గట్టి పోషకం పోసి, దానిపై ఒక బ్యాక్టీరియాను సమంగా పరిచి, మధ్యలో చిన్న గుంట చేసి అందులో కెఫిర్ చుక్కలు వేసి ఒక రోజు వెచ్చగా ఉంచుతారు. పళ్లెమంతా బ్యాక్టీరియా మబ్బులా పరుచుకుని, గుంట చుట్టూ మాత్రం స్పష్టమైన వలయం మిగిలితే అక్కడ ఆ బ్యాక్టీరియా పెరగలేకపోయిందని అర్థం. ఈ.కోలై, స్టఫైలోకాకస్ వంటి వాటి మీద కెఫిర్ ఇలాంటి వలయాలు చూపిన ప్రయోగాలు చాలా దేశాల నుంచి వచ్చాయి. ఆ వలయాన్ని గీసింది ఏమిటన్నదే అసలు ప్రశ్న.

మొదటి అనుమానం ఆమ్లాల మీదే ఉండాలి. నీటి కెఫిర్ పూర్తిగా పులిసేసరికి దాని పీహెచ్ మామూలుగా 3.5 పరిసరాలకు దిగుతుంది, అందులో లాక్టిక్ ఆమ్లం, అసిటిక్ ఆమ్లం రెండూ ఉంటాయి. ఇవి బలహీన ఆమ్లాలు కాబట్టి అంత పులుపులో వాటి అణువులు చాలావరకు విడిపోకుండా, విద్యుదావేశం లేకుండా ఉంటాయి. అలాంటి అణువు బ్యాక్టీరియా పొరను సులభంగా దాటి లోపలికి వెళ్లగలదు. కణం లోపల పులుపు ఉండదు, అక్కడికి చేరగానే ఆమ్లం విడిపోయి హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది, వాటిని బయటకు తోడిపోయడానికే కణం తన శక్తినంతా ఖర్చు చేసి చివరికి పెరగడం మానుకుంటుంది. అసిటిక్ ఆమ్లం 4.76 పీహెచ్ దగ్గర సగం, లాక్టిక్ ఆమ్లం 3.86 దగ్గర సగం విడిపోకుండా ఉంటాయి; అందుకే ఒకే పీహెచ్ వద్ద అసిటిక్ ఆమ్లం ఎక్కువ చొచ్చుకుపోతుంది. నీటి కెఫిర్‌లో అసిటిక్ ఆమ్లం ఎంతన్నది అందులోని బ్యాక్టీరియా మీద, దానికి గాలి తగిలే తీరు మీద ఆధారపడుతుంది. మూతకు బదులు పల్చటి గుడ్డ కట్టిన సీసాలో అది ఎక్కువగా తయారవుతుంది.

మంచి ప్రయోగం ఇక్కడితో ఆగదు. అదే కెఫిర్‌లో క్షారం కలిపి పులుపును విరిచి మళ్లీ గుంటలో పోస్తారు. అప్పుడు వలయం మాయమైతే ఆ బలమంతా ఆమ్లానిదే. చాలా నమూనాలలో జరిగేది ఇదే. వలయం కొంత మిగిలితే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే ఎంజైము కలిపి ఒకసారి, మాంసకృత్తులను కరిగించే ఎంజైము కలిపి మరొకసారి చూస్తారు. చివరి దానితో వలయం పోతే అది బ్యాక్టీరియోసిన్ పని, అంటే ఒక బ్యాక్టీరియా తన పోటీదారులను అణచడానికి తయారుచేసే చిన్న మాంసకృత్తి పని. లాక్టోకాకస్ లాక్టిస్ తయారుచేసే నైసిన్ అలాంటిదే. దాని జాడ 1928లో బయటపడింది, ఈ రోజు అది ఆహార నిల్వ పదార్థంగా ఎన్నో దేశాలలో వాడుకలో ఉంది. నైసిన్ స్టఫైలోకాకస్, లిస్టీరియా వంటి వాటిని బాగా దెబ్బతీస్తుంది, ఈ.కోలై, సాల్మొనెల్లా వంటి వాటికి వెలుపల అదనపు పొర ఉండటం వల్ల వాటిపై ఒంటరిగా పెద్దగా పనిచేయదు. ఇంకొక జాగ్రత్త చాలామంది మరిచిపోతారు: నిమ్మరసం, అల్లం, లవంగం కలిపిన ద్రవాన్ని పరీక్షించేటప్పుడు పులియబెట్టని అదే ద్రవాన్ని పక్క గుంటలో పోయకపోతే, లవంగం చేసిన పనిని కెఫిర్ ఖాతాలో రాసుకుంటాము. తిరుపతిలో ఇన్ని విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, పశువైద్య విశ్వవిద్యాలయంలో పాల సాంకేతిక కళాశాల కూడా ఉంది. విద్యార్థులు మన బెల్లంతో, మన నీళ్లతో ఈ పరీక్షలను పక్కాగా చేస్తే ఎంత బాగుంటుందో.

పళ్లెంలో వలయం కనిపించినంత మాత్రాన ఆ పానీయం కడుపులో మందులా పనిచేస్తుందని చెప్పలేము. జీర్ణాశయంలోని ఆమ్లం కెఫిర్ కంటే ఎన్నో రెట్లు పుల్లనిది. తాగిన లాక్టిక్ ఆమ్లం పేగులో పలచబడి శరీరంలోకి ఇంకిపోతుంది. జ్వరానికి, విరేచనాలకు వైద్యుడు రాసిన మందు ఆపి దీన్ని తాగడం ప్రమాదం. ఆ పులుపు నిజంగా కాపాడేది ఆ పానీయాన్నే: పీహెచ్ 4.6 కంటే దిగువన బోటులిజం అనే ప్రాణాంతక ఆహార విషబాధ కలిగించే క్లోస్ట్రిడియం బోటులినం పెరగలేదు, కుళ్లించే బ్యాక్టీరియా చాలావరకు నిలవలేదు. దానికీ పరిమితి ఉంది. పులుపును తట్టుకునే ఈ.కోలై రకం పుల్లని ఆపిల్ రసంలో కూడా బతికి జనాన్ని జబ్బుపాలు చేసిన సందర్భాలు నమోదయ్యాయి. చల్లదనంలో ఆమ్లం నెమ్మదిగా పనిచేస్తుంది కనుక ఫ్రిజ్‌లో పెట్టడం వల్ల అలాంటి క్రిమి ఇంకా ఎక్కువ రోజులు బతుకుతుంది. అంటే శుభ్రమైన నీళ్లు, కడిగిన చేతులు, కాచిన సీసా మొదటి నుంచీ ఉండాలి. మురికిని పులుపు తరువాత సరిచేస్తుందని అనుకోకూడదు. పైన రంగు బూజు కనిపిస్తే గింజలతో సహా పారేయాలి.

పాత్ర గాజుదై ఉండాలి. రాగి, ఇత్తడి చెంబుల్లో పోస్తే ఆమ్లం రాగిని కరిగించుకుంటుంది. అది మనకూ హానికరం, గింజలకూ హానికరం. వేసవిలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో రెండు రోజుల పని ఒక్క రోజులోపే పూర్తవుతుంది, గింజలు 20 నుంచి 30 డిగ్రీల మధ్య కుదురుగా ఉంటాయి కాబట్టి ఇంట్లో చల్లని మూలన పెట్టాలి. బిగుతుగా మూసిన సీసాలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని సీసా పగిలే ప్రమాదం ఉంది. ఈస్టుల వల్ల కొంత ఆల్కహాల్ కూడా తయారవుతుంది. వేడిలో, ఎక్కువ తీపిలో, ఎక్కువసేపు ఉంచితే అది ఒక శాతం దాటవచ్చు. పిల్లలకు, గర్భిణులకు, మద్యం ముట్టని నియమం ఉన్నవారికి ఈ విషయం గ్లాసు అందించే ముందే చెప్పాలి.