రొయ్యల ప్లాంట్లలో మరుగుదొడ్డి నియమాలు: అపోహలు - వాస్తవాలు

భీమవరం చుట్టుపక్కల ఏ రొయ్యల ప్లాంటులో శిక్షణ తరగతి పెట్టినా, "మనిషిని షిఫ్టులో ఎన్నిసార్లు బాత్‌రూముకు పంపవచ్చో రూలు చెప్పండి" అని కొత్త సూపర్‌వైజర్లలో ఒకరైనా అడుగుతారు. అటువంటి రూలు ఏదీ లేదు. అయినా, కార్మికులు ఎంత తక్కువగా వెళితే సరుకు అంత శుభ్రంగా ఉంటుందన్న అపోహ పీలింగ్ హాళ్లలో, అంటే రొయ్యల పెంకు ఒలిచే గదుల్లో, చట్టం కంటే గట్టిగా అమలవుతోంది.

మరుగుదొడ్లు కార్మికులకు దగ్గరలో ఉండాలని, వారు ఫ్యాక్టరీలో ఉన్నంతసేపూ అందుబాటులో ఉండాలని 2025 దాకా అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 19వ సెక్షన్ ఏనాడో చెప్పింది. మన సరుకు కొనే యూరప్ వారి ఆహార పరిశుభ్రత నిబంధన 852/2004 తగినన్ని మరుగుదొడ్లు ఉండాలంటూనే, వాటి తలుపులు ఆహారం ఉండే గదిలోకి నేరుగా తెరుచుకోకూడదని షరతు పెట్టింది. అమెరికా సీఫుడ్ హాసెప్ (ఆహారానికి కలిగే ప్రమాదాలను ముందే గుర్తించి అదుపు చేసే పద్ధతి) నియమాల ప్రకారం ప్లాంటు పర్యవేక్షించవలసిన ఎనిమిది పారిశుద్ధ్య అంశాలలో చేతులు కడిగే ఏర్పాట్లు, మరుగుదొడ్ల నిర్వహణ ఒకటి. వీటిలో ఏదీ వెళ్లడాన్ని తగ్గించమనదు. వెళ్లేముందు ఏప్రాన్, గ్లౌజులు విప్పారా, వేరే చెప్పులు వేసుకున్నారా, తిరిగి వచ్చేటప్పుడు చేత్తో తిప్పనవసరం లేని కుళాయి కింద సబ్బుతో కడిగి, ఆరబెట్టుకుని, క్లోరిన్ నీటిలో చేతులూ బూట్లూ ముంచి లోపలికి అడుగుపెట్టారా అన్నదే ప్లాంట్లలో శిక్షణ ఇచ్చే మేము చూసేది. ఎవరో నాలుగుసార్లు వెళ్లినందుకు ఎగుమతి కంటైనరు వెనక్కి వచ్చిందన్న పుకారును వినే ఓపిక నాకు లేదు. విరేచనాలు కలిగించే సాల్మొనెల్లా బ్యాక్టీరియా సరిగా కడగని చేతి వల్ల, కలుషితమైన నీటి వల్ల, ఐసు వల్ల వస్తుంది. సరిగా కడుక్కుని నాలుగుసార్లు వెళ్లిరావడం కంటే కడుక్కోకుండా ఒక్కసారి వెళ్లిరావడమే ప్రమాదం.

ఈ అపోహకు మూల్యం చెల్లించేది ఎక్కువగా ఆడవాళ్లే. ఒక వేసవి షిఫ్టులో కళ్లు తిరిగి కూర్చుండిపోయిన ఆకివీడు వైపు ఆవిడను నీళ్లు తాగారా అని అడిగితే, "తాగితే వెళ్లాలి కదండీ, వెళ్లొచ్చేసరికి రెండు ట్రేలు పోతాయండీ" అన్నారు. కిలోల లెక్కన కూలి ఇచ్చేచోట ఏప్రాన్ విప్పి మళ్లీ తొడుక్కునే సమయమంతా ఆవిడ జేబులోంచే పోతుంది, కాబట్టి దాహాన్నీ, మూత్రాన్నీ ఆపుకుంటారు, ఇన్ఫెక్షన్లు తెచ్చుకుంటారు, ఆపుకోలేక పరుగెత్తిన రోజున చేతులు కడగడం కూడా తొందరలోనే ముగిస్తారు. ఆ సమయాన్ని కూలిలో కలపమని యాజమాన్యాలను అడిగాను. ఒకచోట ఒప్పుకున్నారు, మరొకచోట నవ్వి ఊరుకున్నారు. నెలసరి రోజుల్లో అడగడానికి సిగ్గుపడే అమ్మాయిలకు నేను చెప్పేది ఒక్కటే: కారణం చెప్పనవసరం లేదు, చెప్పి వెళ్లండి, చాలు.

గ్లౌజులు ఉంటే చేతులు కడగనక్కరలేదన్నది తప్పు, ఎందుకంటే మురికి చేత్తో తొడిగిన గ్లౌజు బయటివైపు కూడా మురికే అవుతుంది. క్లోరిన్ నీళ్లుంటే సబ్బు ఎందుకన్నదీ తప్పే. చేతికున్న జిడ్డు, మాంసపు ముక్కలు క్లోరిన్‌ను ముందే తినేస్తాయి.

విరేచనాలైతే ఉద్యోగం పోతుందన్న భయం నాకు అర్థమవుతుంది, కానీ దాచడం వల్లనే అందరికీ నష్టం. ఏడాదికోసారి చేయించే వైద్య పరీక్ష, పరీక్ష చేసిన ఆ ఒక్క రోజు సంగతే చెబుతుంది. లక్షణాలు తగ్గిన తర్వాత కూడా 48 గంటలపాటు ఆ మనిషిని సరుకు తాకనివ్వకూడదు. ఆ రోజుల కూలి కోయబోమని ముందే చెప్పిన ప్లాంటులోనే నిజం బయటికి వస్తుంది.

ఇక మెరిసే టైల్స్ వేస్తే మరుగుదొడ్డి పని పూర్తయినట్టేనని డెల్టాలో అనుకోవడానికి వీల్లేదు. ఇక్కడ భూగర్భజలం చాలా పైనే ఉంటుంది, వానాకాలంలో సెప్టిక్ ట్యాంకులు పొంగి బోరులోకో సంపులోకో ఊరే ప్రమాదం ఉంది. అందువల్ల ట్యాంకును నీటి వనరులకు దూరంగా, ఊట లోపలికి రాని విధంగా కట్టించాలి, వానలు మొదలయ్యాక ఐసుకూ, కడుగుడుకూ వాడే నీటిని మామూలు కంటే తరచుగా ల్యాబుకు పంపాలి.